చెవిలో చెప్పే ముగింపు

పోయిన వారం మా పాత దవాఖానా నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. "మేడం, మన ఆయమ్మ చనిపోయింది. జ్వరమొచ్చిందట, మూడు రోజులకే పోయింది" అంది. అయ్యో అనాల్సింది పోయి నేను మొదట అడిగిన మాట, "జ్వరమేనా? నీకెవరు చెప్పిండ్రు?"

నా బుద్ధి అది. ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, రిటైరై ఖమ్మంలో కూర్చున్నా అది నన్ను వదల్లేదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే పాలల్లో నీళ్లెన్ని కలిపాడో అనుకుంటాను. మా చెల్లెలు ఊరికే ఫోన్ చేసినా "ఏం పని పడ్డది?" అంటాను. కాన్పుల గదిలో ఈ అనుమానమే చాలామందిని కాపాడిందని నన్ను నేను సమర్థించుకుంటూ వచ్చాను. కొంతవరకు నిజమే కూడా. ఒక్కచోట మాత్రం అది నా చేత చేయరాని పని చేయించింది. ఆయమ్మ బతికున్నన్నాళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె పేరు ఇప్పుడూ రాయను, దవాఖానా పేరూ రాయను. అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అంతవరకు చాలు.

ఆమె మా దగ్గర ఆయాగా చేసేది. అప్పటికి నలభై అయిదుంటాయేమో. సన్నటి మనిషి, కోయ ఇంటి ఆడబిడ్డ, భర్త పోయి చాలా ఏళ్లయింది. పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి వరండా తుడుస్తూ వెనక్కి వెనక్కి నడుస్తూ కనిపించేది. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్. దాని జోడు తెగిపోయిందో ఏమో, ఉత్త వైరు మెడ మీద వేలాడేది. కుడి చెవి మాకోసం ఉంచేది. పిలిస్తే ఒక్క పిలుపుకే వచ్చేది కాబట్టి ఫోన్ విషయంలో ఏమీ అనడానికి సందు దొరికేది కాదు.

పెదాలు మాత్రం ఎప్పుడూ కదులుతూ ఉండేవి. ఫినాయిల్ కలుపుతూ "బకెట్" అనుకునేది. మెట్లెక్కుతూ "స్టెయిర్‌కేస్" అనేది. మాట అనగానే ఆ వస్తువును చూపుడువేలితో తాకేది, బొట్టు పెట్టినట్టు. కిటికీ, తాళం, దిండు, జల్లెడ, గొడుగు. మా దవాఖానాలో ఆమె వేలు తగలని సామాను ఉండేది కాదు. ఒకరోజు నా బల్ల మీది కత్తెరను తాకి "సిజర్స్" అంది. నేను కత్తెర తీసి సొరుగులో పెట్టుకున్నాను. ఆమె సొరుగును కూడా తాకి "డ్రాయర్" అని వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఉతికిన దుప్పట్లు మడత పెడుతుంటే వెనక నుంచి విన్నాను. "ఐ వజ్ వెయిటింగ్ ఫర్ యూ" అంది మెత్తగా. కాసేపాగి, "యూ ఆర్ లేట్" అని, తనలో తనే నవ్వుకుంది.

నాకు ఒళ్లు మండింది. డ్యూటీలో మగవాడితో ముచ్చట్లు పెట్టిందనుకున్నాను. ఈ చుట్టుపక్కల ఇంగ్లీషు మాట్లాడే మగవాళ్లెవరా అని ఆలోచించాను. మా డాక్టరు గారు ఆ నెలంతా ట్రెయినింగులో ఉన్నారు. బ్యాంకు మేనేజరు రేపో మాపో రిటైరయ్యే మనిషి. ఇక మిగిలింది పామాయిల్ ఫ్యాక్టరీ ఇంజనీరు. అతని మీద చాలా రోజులు అనుమానం పెట్టుకున్నాను. పాపం, అతన్ని నేను చూసింది ఒక్కసారే, చెయ్యి కోసుకుని కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అన్నాను ముందుకొచ్చి.

"ఎవలతోని లేదు మేడం. ఇంటున్న."

"ఏం వింటున్నవ్?"

"కథ. ఇంగ్లీషు నేర్పిస్తది."

"ఈ వయసుల నీకు ఇంగ్లీషెందుకు?"

ఆ ప్రశ్న తనకెప్పుడూ తట్టనట్టు కాసేపు దుప్పటి కొస పట్టుకుని ఆలోచించింది. "బాగుంటది మేడం" అంది.

ఉద్యోగానికి నేర్చుకుంటే అర్థముంది. పిల్లల చదువుకు నేర్చుకుంటే అర్థముంది. బాగుంటదని నేర్చుకోవడమేంటి? నా దృష్టిలో అది జవాబు కాదు, ఏదో దాస్తున్నారనడానికి గుర్తు.

ఆ కథ సంగతి ఆమె నోటి నుంచే ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఒక ఇంటి పైగదిలోకి ఒక కుర్రాడు కిరాయికి వస్తాడు. కింద ఇంటివాళ్ల అమ్మాయి ఉంటుంది. పాఠానికొక వస్తువు కోసం అతను మెట్లు దిగి వస్తాడు. ఒకరోజు నిచ్చెన, ఒకరోజు గొడుగు, ఒకరోజు టీ వడకట్టే జల్లెడ. అడగడం ఇంగ్లీషులో, తర్వాత ఒక ఆడగొంతు తెలుగులో అర్థం చెబుతుంది. వాళ్ల ప్రేమ ముదిరేకొద్దీ సామాన్లు పెరుగుతాయి.

"ఒక్క సామాను కూడా కొనుక్కోడా వాడు?" అన్నాను నేను.

"కొనుక్కుంటే కిందికెట్లొస్తడు మేడం?"

అప్పుడప్పుడు మాటలకు అర్థం అడిగేది. ఒకసారి "బ్లష్ అంటే ఏంది మేడం?" అంది. సిగ్గుతో మొహం ఎర్రబడడమని చెప్పాను. "మరి మనసొంటి నల్లటోళ్లకు?" అంది. నేను ఆలోచించేలోపే, "మనకైతే చెవులు ఎచ్చబడ్తయి. గదే అయ్యుంటది" అని తనే తేల్చుకుని బకెట్ ఎత్తుకుంది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. నవ్వితే అలుసవుతానని బిగబట్టుకున్నాను.

ఇప్పుడు మా వెయిటింగు వార్డు గురించి చెప్పాలి. వానాకాలం వస్తే అడవి లోపలి గూడేలకు దారులుండవు. వాగులు పొంగితే అంబులెన్సు ఈ ఒడ్డునే ఆగిపోతుంది. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లను రెండు వారాల ముందే తీసుకొచ్చి మా దగ్గర ఉంచుతారు. ఆరు మంచాలు, మూడు పూటలా తిండి, బీపీ చూడడం, కాన్పయ్యాక ఇంటికి పంపడం. వినడానికి బాగుంటుంది. కానీ వాళ్లు ఉండేవాళ్లు కాదు. రెండు రోజులు మంచం మీద కూర్చుని గోడ చూసేవాళ్లు. మేకలున్నాయని, చేను కాడ ఎవరూ లేరని, ఏమీ తోచడం లేదని, మూడో రోజు పొద్దున చూస్తే మడత పెట్టిన దుప్పటి ఉండేది, మనిషి ఉండేది కాదు. నేను అరిచేదాన్ని, బతిమాలేదాన్ని, బీపీ పెరిగితే ఫిట్సొస్తాయని బెదిరించేదాన్ని. తలూపేవాళ్లు. తలూపి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటిది ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక్కరూ పోలేదు.

ఇంకొకరైతే సంతోషపడి ఊరుకునేవారు. నేను ఎందుకా అని చూడడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయమ్మ ఆ వార్డులో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. కడుపులతో ఉన్నవాళ్లంతా మంచాల అంచులకు జరిగేవాళ్లు. ఆమె కోయలో చెబుతూ ఉంటే మధ్య మధ్య "అంబ్రెల్లా" అనీ "స్టెయిర్‌కేస్" అనీ వినిపించేది. వాళ్లు కలిసి ఆ మాట పలికి కిందా మీదా పడి నవ్వేవాళ్లు. నేను వచ్చి నిలబడినా ఆమె ఆపేది కాదు. కోయ నాకు రాదు. అన్నేళ్లు అక్కడ పని చేసి నేర్చుకోకపోవడం నా తప్పే, కానీ అప్పుడు అది ఆమె తప్పులా అనిపించేది. నా ఎదురుగా నాకు తెలియని మాటల్లో ఏం చెబుతోంది? ప్రైవేటు ఆస్పత్రి వాళ్ల మనిషేమో, కేసులు అటు మళ్లిస్తోందేమో అనుకున్నాను. అలాంటి ఆయాలను నేను చూశాను.

దానికి తోడు ఇంకొకటి కంటపడింది. ఎవరికి కాన్పయినా, బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టాక, ఈమె వచ్చి తల్లి చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా ఏదో చెప్పేది. ఒక టీ తాగినంత సేపు. బాలింతల్లో ఒకతి నవ్వేది, ఒకతి కళ్లు తుడుచుకునేది. చెప్పడం అయిపోయాక ఈమె వేలు నోటి మీద పెట్టుకుని ఎవరికీ చెప్పొద్దని సైగ చేసేది.

కాన్పు గది తెలిసినవాళ్లెవరికైనా అది ఏమనిపిస్తుంది? బిడ్డ పుట్టగానే తల్లి మంచం దగ్గర చెయ్యి చాపే అలవాటు చాలాచోట్ల ఉంది. నేను కూడా అదే అనుకున్నాను. అడవి నుంచి వచ్చిన లేనివాళ్ల దగ్గర డబ్బులు గుంజుతోందని నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. ఆ కోపంలో కొంత న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. అడిగి తెలుసుకోకపోవడమే నా పాపం.

ఒకరోజు ఆమె ఫోన్ తీసుకున్నాను. "నీ కథేదో నేనూ వింటా" అన్నాను. కాదనలేదు. ఇయర్‌ఫోన్ చీర చెంగుతో తుడిచి మరీ ఇచ్చింది. క్వార్టర్‌కి తీసుకెళ్లి సాయంత్రమంతా విన్నాను. నిచ్చెన, గొడుగు, జల్లెడ అన్నీ ఉన్నాయి. ఇరవై నాలుగో పాఠంలో కుర్రాడికి వేరే ఊరికి బదిలీ అవుతుంది. మెట్ల మీద నిలబడి "విల్ యూ కమ్ విత్ మీ?" అంటాడు. అమ్మాయి జవాబు చెప్పకముందే పాఠం ఆగిపోయింది. మిగతాది కొనుక్కోవాలట.

అంటే ఫోన్‌లో ఉన్నది ఇరవై నాలుగే. ఆమె వార్డులో చెప్పడం మొదలై రెండు నెలలు దాటింది. మరి ఈ రెండు నెలలుగా కథ పేరుతో ఏం చెబుతోంది? నా అనుమానానికి రుజువు దొరికిందనుకున్నాను. మర్నాడు ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "ఈ రోజు నుంచి నువ్వు ఓపీ కాడనే ఉండు. వెయిటింగు వార్డు దిక్కు పోవద్దు" అన్నాను.

"ఎందుకు మేడం?"

"ఎందుకో నీకు తెలుసు."

ఆమెకు తెలియదని ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలిసేది. నాకు మాత్రం అది నటనలా కనిపించింది. "మూడో మంచం పిల్లకు ఇంక వారం ఉన్నది మేడం. గా పిల్ల కాన్పయ్యేదాక ఉండనియ్యుండ్రి. అటెంక మీ ఇష్టం" అంది.

మూడో మంచం మీద ఉన్నది ఇరవై ఏళ్ల పిల్ల. తొలికాన్పు. బీపీ నూట యాభై దగ్గర ఉంటోంది, పాదాలు వాచి వేలు పెడితే గుంట పడుతోంది. తోడుగా అత్త వచ్చింది. అందరికన్నా గట్టిగా "అంబ్రెల్లా" అని అరిచేది ఆ పిల్లే. బీపీ ఇంకొంచెం పెరిగితే భద్రాచలం పెద్దాస్పత్రికి పంపాలని నేను, డాక్టరు గారు అనుకున్నాం. అలాంటి పిల్ల మీద ఈమెకు కన్నెందుకు? వాళ్లతో డబ్బు సంగతేదో మాట్లాడుకుని ఉంటుందనుకున్నాను. "చెప్పింది చెయ్" అని కేసు షీట్లు చూసుకోవడంలో పడ్డాను.

మొదటి రోజు ఆ పిల్ల "ఆయమ్మ రాలేదేంది సిస్టరమ్మా?" అని అడిగింది. పని ఉందన్నాను. రెండో రోజు అడిగింది. మూడో రోజు అడగలేదు. ఆ మధ్యాహ్నం నేను వేరే కాన్పులో ఉన్నాను. బయటికి వచ్చేసరికి మూడో మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. బయట వాన పట్టింది. వాగు దాకా ఆటో అతన్ని పంపితే, వాళ్లు అప్పటికే దాటేశారనీ, నీళ్లు పెరుగుతున్నాయనీ తిరిగొచ్చి చెప్పాడు. షీటు మీద "చెప్పకుండా వెళ్లిపోయారు" అని రాశాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

మర్నాడు పొద్దున పది గంటలకు నలుగురు మగవాళ్లు ఆ పిల్లను మంచం మీద వేసుకుని, ఛాతీ లోతు నీళ్లలో వాగు దాటించి తెచ్చారు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయట. చేయాల్సిన ఇంజెక్షన్లన్నీ చేశాం. భద్రాచలం పంపేంత టైము లేదు. ఆ పిల్ల ప్రాణం దక్కింది. మగబిడ్డ. కడుపులోనే పోయాడు. వాణ్ని నేనే తుడిచి తెల్లగుడ్డలో చుట్టాను. మూడు కిలోలకు తక్కువుండడు. ఒళ్లంతా పూర్తిగా తయారైన బిడ్డ.

ఆ పిల్లకు రెండో రోజుకు తెలివొచ్చింది. ఏడవలేదు. నేను సెలైన్ సరిచేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నాకు కాన్పయినట్టేనా?"

"అయింది బిడ్డా."

"మరి ఆయమ్మ వస్తదా? బిడ్డ బతకనోళ్లకు కూడా చివర చెప్తదా?"

"ఏం చివర?"

నాకు చెప్పవచ్చో లేదో అని కాసేపు తటపటాయించింది. తర్వాత చెప్పింది. ఫోన్‌లో కథ మెట్ల మీద ఆగిపోయినప్పుడు ఆయమ్మ ఊరుకోలేదు. ఆ అమ్మాయి చేత ఊ అనిపించి, ఇద్దరినీ రైలెక్కించి, లాంచీ ఎక్కించి, తనకు వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ వాడుతూ సొంతంగా నడుపుకుంటూ పోయింది. ఆ అమ్మాయికి కడుపు తెప్పించింది. గుడ్డు తినిపించింది, ఐరన్ గోలీలు మింగించింది, బీపీ చూపించింది. రోజూ ఎక్కడో ఒకచోట, అందరూ ఊపిరి బిగబట్టిన దగ్గర ఆపేసి "రేపు" అనేది. చివరికి ఏమవుతుందన్నది మాత్రం వార్డులో చెప్పదు. కాన్పయిన తల్లికి ఒక్కదానికే, చెవిలో చెబుతుంది. ఇంకా కాన్పు కానివాళ్లకు ఆ తల్లి చెప్పకూడదు. అది ఆమె పెట్టిన కట్టు. ఒక్కరూ దాటలేదు.

"చివర ఇనాలనే ఉన్న సిస్టరమ్మా. ఆయమ్మ వస్తలేదు కదా, ఇంకెందుకని మా అత్త పోదామన్నది" అంది ఆ పిల్ల.

ఆ బిడ్డను పోగొట్టింది వాగు కాదు, అత్త కాదు. నేనే. ఈ మాట చుట్టుతిప్పి రాయడం నాకు చేతకాదు.

ఓపీకి వెళ్లి "మూడో మంచం పిల్ల నిన్ను పిలుస్తోంది" అన్నాను. చేతిలోని తుడుపుకర్ర అక్కడే వదిలేసి, నావైపు చూడకుండా పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆ పిల్ల పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టింది. మిగతావాళ్లకు టీ తాగినంత సేపు చెప్పేది, ఆ రోజు అరసీసా సెలైన్ ఎక్కేదాకా చెబుతూనే ఉంది. అప్పటిదాకా ఏడవని పిల్ల ఏడ్చింది, గట్టిగా, చాలాసేపు. ఏం చెప్పిందో నాకు తెలియదు.

వారం తర్వాత ఒక అధికారి విచారణకు వచ్చారు. బిడ్డ ఎందుకు పోయాడు, పేషంటు ఎందుకు వెళ్లిపోయింది, వార్డులో ఎవరున్నారు. అత్త అప్పటికే చెప్పింది, ఆయమ్మ రావడం మానేసిందని వెళ్లిపోయామని. ఆయమ్మను పిలిచారు. నేను ఆమె పక్కనే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. వార్డుకు పోవద్దని నేను నోటితో చెప్పాను. కాగితం లేదు. ఆమె నిజం చెబితే నాకు మెమో ఖాయం, బహుశా సస్పెన్షన్.

"మూడు రోజులు వార్డుకు ఎందుకు పోలేదమ్మా?" అన్నారాయన.

"ఒంట్ల బాగలేకుండె సార్."

"సిస్టర్‌కు చెప్పినవా?"

"చెప్పలే సార్. నాదే తప్పు."

ఆయన నావైపు చూశారు. నేను నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు. మాట రాలేదు. సాయంత్రానికల్లా ఆమెను పనిలోంచి తీసేశారు. కాంట్రాక్టు మనిషి కదా, ఒక్క ఫోన్‌తో అయిపోయింది. వైరు చుట్టుకుని, చెప్పులేసుకుని, గేటును వేలితో తాకి వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయానని రాయాలని ఉంది. సిగ్గుపడ్డాను, నిజమే. కానీ దాని వెనకే నా పాత బుద్ధి లేచి కూర్చుంది. ఎందుకు చేసింది ఈ పని? నన్ను తన గుప్పిట్లో పెట్టుకోవడానికా? రేపు వచ్చి ఏం అడుగుతుంది? కూతురికి ఉద్యోగమా, అల్లుడికి సర్టిఫికెట్టా? గేటు చప్పుడైతే ఆమేనేమో అని చూసేదాన్ని. వారాలు గడిచాయి. ఆమె రాలేదు, ఎవరితోనూ కబురు పంపలేదు. అడగడానికి రాని మనిషి మీద అనుమానం ఎంతకాలం నిలుస్తుంది? నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఒకరోజు సెలవు పెట్టి వెతుక్కుంటూ వెళ్లాను. పామాయిల్ తోటలో కూలికి పోతోందని చెప్పారు. పన్నెండు కావస్తోంది. కోత మనుషులు గెలలు కోసి ముందుకు పోతే, ఆమె వెనకాల చెట్ల మొదళ్లలో కూర్చుని రాలిన ఎర్రటి పండ్లు ఏరి గోతంలో వేస్తోంది. చెవిలో ఇయర్‌ఫోన్ లేదు.

నన్ను చూసి లేవలేదు. "ఏంది మేడం, గింత దూరం వచ్చిండ్రు?" అంది.

కూర్చున్నాను. వచ్చేటప్పుడు బస్సులో ఏవేవో మాటలు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆఫీసుకు పోయి చెప్పేస్త. నిన్ను వార్డుకు పోవద్దన్నది నేనే అని" అన్నాను.

"వద్దు మేడం."

"నామీద నీకు జాలెందుకు? నేను నీకేం మంచి చేసిన?"

చేతిలోని పండును అటూ ఇటూ తిప్పి చూసింది. "మీకోసం చెప్పలే మేడం" అంది. గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. "నన్ను తీసేస్తే రేపే ఇంకో ఆయా వస్తది. మిమ్మల్ని తీస్తే ఇంకో సిస్టర్ వచ్చేతందుకు ఎన్ని నెలలైతదో. వానలు పడ్తున్నయి. గప్పటిదాక కాన్పులు ఎవలు చేస్తరు?"

ముప్పై ఏళ్లు మనుషుల మాటల వెనక ఇంకో మాట కోసం తవ్వినదాన్ని నేను. దాని వెనక ఏమీ లేదు. నన్ను క్షమించలేదు, నన్ను ఇష్టపడలేదు. వార్డుకు ఎవరు అవసరమో చూసి, తను పక్కకు జరిగింది. అంతే.

"ఇంకో ఆయా వచ్చింది. నువ్వన్నట్టే, మర్నాడే వచ్చింది" అన్నాను. "వార్డుల మాత్రం ఎవరూ ఉంటలేరు. మొన్న ఇద్దరు పోయిండ్రు, నిన్న ఇంకొకరు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎవలెవలు?" అంది. చెప్పాను. ఏ గూడెం, ఎన్నో కాన్పు, ఎన్ని రోజులుంది అని ఒక్కొక్కరి గురించి అడిగింది. అడుగుతూనే గోతం మూతి కట్టేసింది. తనకు బదులు ఎవరైనా సరిపోతారన్నంతవరకే ఆమె అంచనా తప్పింది. ఆ సంగతి నేను నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

"తోట పని పన్నెండింటికి అయిపోతది" అంది లేచి నిలబడి. "చూడొచ్చేటోళ్ల టైముల నేను కూడా వస్త. పనిమనిషి లెక్క కాదు, చూడొచ్చినదాని లెక్క. గేటు కాడ ఆపకుండ చూడుండ్రి."

"ఆపరు" అన్నాను.

మర్నాడు భోజనాల వేళ దాటాక వచ్చింది. పేషంట్ల బంధువులతో కలిసి, చేతిలో టిఫిన్ డబ్బాతో, కాళ్లకు తోట మట్టితో. ఇద్దరే మిగిలారు వార్డులో. నేల మీద కాళ్లు చాపుకుని మొదలుపెట్టింది. ఈసారి వినాలని, కోయ రాకపోయినా ఆ గొంతైనా వినాలని నేను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. ఇదివరకు నేనెదురుగా ఉన్నా ఆమె చెబుతూనే పోయేది. ఆ రోజు నన్ను చూడగానే ఆపేసింది. తల వంచుకుని గోళ్లలోని మట్టి తీసుకుంటూ కూర్చుంది. మంచాల మీది ఇద్దరూ నేనెప్పుడు పోతానా అని నావైపు చూశారు.

నేను వెనక్కి తిరిగాను. పది అడుగులు వేశాక మళ్లీ ఆమె గొంతు మొదలైంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మూడు వానాకాలాలు, ఆ గంటసేపు నేను ఆ వార్డు వైపు వెళ్లలేదు.